వాన నాలుగు నెలలు – పని ఎన్నాళ్లు?

రోహిణీ ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. మే నెలాఖరున నిమ్మాడ, కోటబొమ్మాళి పొలాల్లో నిలబడి చూస్తే ఆ సామెత ఉత్తదేమీ కాదని మనకు తెలుస్తుంది.

భూగోళ పుస్తకాలు మన తీరాన్ని ఉష్ణమండల సవన్నా శీతోష్ణస్థితిలో చేర్చుతాయి. ఆఫ్రికాలో, బ్రెజిల్‌లో అనేక మైదానాలదీ ఇదే వరస. ఏడాది పొడుగునా వేడికి లోటుండదు. వాన మాత్రం కొన్ని నెలల్లోనే కురిసిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు; ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే పడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాలు. డిసెంబరు దాటితే ఎండుకాలమే.

ఇది పుస్తకం లెక్క. కూలీల లెక్క వేరు.

ఆకుమడి, దమ్ము, ఉభాలు, కలుపు – అన్నీ వాన మీద ఆధారపడ్డ పనులే. వాన రెండు వారాలు వెనక్కిపోతే ఆడకూలీల కూలి డబ్బూ రెండు వారాలు వెనక్కిపోతుంది. కోతలు, నూర్పిళ్లు అయ్యాక మిగిలేది కాస్త పెసర, మినుము పని. ఆ తర్వాత? కొందరికి ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు ఏరే పని, కొందరికి పలాస జీడి ఫ్యాక్టరీలు. మిగతావాళ్లు మూటాముల్లె సర్దుకుని విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో రైలెక్కాల్సిందే.

అక్టోబరు మరో గండం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిచెట్లు వేళ్లతో సహా కూలాయి. చెట్టు పోతే చెట్టుకింత అని లెక్క కట్టొచ్చు. ఆ చెట్ల కింద పోయిన పనిదినాలకు లెక్క ఎవరు కడతారు?

మరి మన దగ్గర వాన తక్కువా? కాదు. వచ్చిన నీరు నిలిచే చోటు తక్కువ. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ నీటి కోసం టెక్కలి, పలాస వైపు శివారు రైతులు ఎదురుచూస్తుంటారు. వరద నీరేమో కళింగపట్నం దగ్గర సముద్రం పాలవుతుంది. మన తాతలు ఊరూరా చెరువు తవ్వింది ఇందుకే. చెరువు పూడిపోయి, మదుము చెడిపోయి, గట్టు ఆక్రమణ పాలైతే వాన పడీ పడనట్టే.

చెరువు గర్భం ఎండేది ఎండాకాలంలో. మన చేతికి పని లేనిదీ అప్పుడే. పూడిక తీస్తే కూలి దొరుకుతుంది, ఆ మట్టి పొలానికి సత్తువవుతుంది, వచ్చే వానకు నీరు నిలుస్తుంది. 2005 ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని హక్కు చేసింది. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టం 125 రోజులంటోంది; విత్తు, కోతల కాలంలో 60 రోజులు ఈ పనులు ఆపాలనీ అంటోంది. ఉభాల వేళ వాన ముఖం చాటేస్తే ఆ రోజుల్లో కూలీ ఏం తినాలి?

ఈ ప్రశ్న గ్రామసభలో గట్టిగా అడగాలి. ఊరి చెరువు, మదుము, పిల్లకాలువ పనుల జాబితా మనమే రాసి పెట్టాలి. సంక్రాంతి వెళ్లగానే ఆ పని మొదలుపెడదాం. మృగశిర దాకా ఆగితే చెరువులోకి నీరు చేరుతుంది, పలుగు దిగదు.