ఇటలీ శిల్పదర్శనము : స్థానవిచారము

ఇటలీ దేశమున సాంస్కృతిక పునరుజ్జీవన యుగమునకు చెందిన శిల్పములను దర్శించువారు సాధారణముగా శిల్పి పేరును, కాలమును, ఇతివృత్తమును తెలిసికొని తృప్తి చెందుదురు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. ఆ విగ్రహము తొలుత ఏ స్థానమునకై చెక్కబడినది? ఆ యుగపు శిల్పులలో పలువురు విగ్రహముండబోవు గూటిని, దాని ఎత్తును, చూపరులు నిలుచు చోటును ముందుగనే గమనించి ఉలి పట్టిరి.

ఫ్లోరెన్సు నగరమున దొనాతెల్లో 1408–15 నడుమ చెక్కిన యోహాను సువార్తికుని పాలరాతి విగ్రహము ఇందులకు చక్కని నిదర్శనము. ఇది ప్రధాన దేవాలయపు ముఖద్వారము ప్రక్క గూటిలో, చూపరుల తలలకంటె ఎత్తున నుండవలసిన ఆసీనమూర్తి. సమమట్టమున నిలిచి చూచినచో మొండెము మిక్కిలి పొడుగుగను, తొడలు పొట్టిగను తోచును. ఇది లోపము కాదు. క్రిందినుండి చూచునపుడు మోకాళ్లు ముందుకు వచ్చి మొండెమును కొంత మరుగుపరచును. ఆ కొరతను తీర్చుటకే శిల్పి దానిని పొడిగించెను. 1587లో ఆ దేవాలయ ముఖభాగమును పడగొట్టిరి. నేడా విగ్రహము దేవాలయపు ప్రదర్శనశాలలో నున్నది. కొంచెము వంగి, క్రిందినుండి చూచినచో దాని పొందిక తేటపడును.

మైకేల్ ఏంజిలో చెక్కిన దావీదు (1501–04) విషయమున స్థానముతోపాటు అర్థమును మారినది. 5.17 మీటర్ల ఎత్తుగల ఆ విగ్రహమును మొదట ప్రధాన దేవాలయముపై నిలుపదలచిరి. 1504 జనవరిలో లియొనార్డో, బొత్తిచెల్లి మున్నగువారు కూడి చర్చించిరి. తుదకది నగరపాలక భవనపు వాకిట నిలిచినది. దేవాలయమునకై తలపెట్టిన ప్రతిమ, 1494లో మెడిచీ వంశీయులను వెడలగొట్టిన గణతంత్రమునకు చిహ్నమయ్యెను. 1873లో దానిని అకడమీ కళాభవనమునకు చేర్చి, 1910లో పూర్వస్థానమున ప్రతికృతిని నిలిపిరి. శిల్పి పనితనము కళాభవనమున తెలియును. ఆ పనికి పౌరులు కల్పించిన అర్థము కూడలిలోనే తెలియును.

దేవాలయములలో నున్నవన్నియు యథాస్థానముననే యున్నవనుకొనరాదు. రోము నగరమున సాన్ పియెత్రో ఇన్ విన్కోలీ దేవాలయములోని మోషే విగ్రహము రెండవ జూలియసు పోపు సమాధికై చెక్కబడినది. 1505లో తలపెట్టిన ఆ సమాధి పలుమారులు కుదింపబడి 1545లో ముగిసెను. పై అంతస్తునకు ఉద్దేశింపబడిన మోషే నేడు నేలకు దగ్గరగా ఆసీనుడై యున్నాడు.

అట్లని శిల్పములను కదలింపకుండుటయు సాధ్యము కాదు. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లోరెన్సును ముంచినపుడు, జ్ఞానస్నాన మందిరమునకు గిబెర్తి 1425–52 నడుమ నిర్మించిన కంచు తలుపుల నుండి ఐదు ఫలకములు ఊడిపడెను. 1990లో అచట ప్రతికృతి నమర్చిరి. మూలఫలకములు చిరకాల సంస్కారానంతరము 2012లో ప్రదర్శనశాలకు చేరినవి. స్థానమున నుంచిన శిల్పము నశింపవచ్చును. తొలగించినచో దాని చూపు చెదరును. కావున ప్రదర్శనశాలలో మూలమును చూచినవాడు, వీలైనచో అది వీడివచ్చిన గూటిని, గుమ్మమును గూడ చూచుట యుక్తము. అప్పుడే దర్శనము సంపూర్ణమగును.