మాయను లాగకండి

 

"గేదె ఎదకు వస్తోంది, దాటిస్తున్నాం, మూడు వారాలు తిరిగేసరికి మళ్ళీ పొర్లుతోంది" అనే మాట వినని ఊరు లేదు. దున్నపోతు మంచిది కాదనో, సూది వేసినవాడి చెయ్యి మంచిది కాదనో అనుకుంటాం. అదీ కొన్నిచోట్ల నిజమే. కాని ఒక్కొక్కప్పుడు తప్పు పోయిన ఈతనాడే, మన చేతులతోనే జరిగిపోయి ఉంటుంది. ఎలాగో చెబుతాను.

గర్భకోశానికి పైన మందమైన కండ, లోపల మెత్తని తడి పొర ఉంటాయి. ఆ పొర నిండా కంటికి కనిపించని గ్రంథులు. ఆవు చూడి కట్టిన నాలుగైదు రోజులకు పిండం గర్భకోశంలోకి దిగుతుంది. దిగగానే అంటుకుపోదు సుమండీ! దాదాపు మూడు వారాలు ఆ గ్రంథులు ఊరించే రసం తాగే బతుకుతుంది. దానికి గర్భకోశపు పాలు అని పేరు.

సుమారు 16వ రోజు ప్రాంతంలో పిండం 'నేనున్నాను' అన్నట్లు ఒక పదార్థాన్ని ఆ పొరకు పంపుతుంది. అది అందకపోతే పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్ అనే మరో పదార్థం బయలుదేరి, చూడిని నిలబెట్టే అండాశయపు ముద్దను కరిగించేస్తుంది. పశువు మళ్ళీ ఎదకు వస్తుంది. అంటే 21వ రోజున పొర్లిన పశువు అసలు చూడి కట్టనేలేదని అనుకోరాదు. కట్టి, తిండి చాలక పిండం లోపలే చచ్చిపోయి ఉండవచ్చు. గేదెలోనూ దాదాపు ఇదే తీరు.

ఇక మాయ సంగతి. పొర మీద గుండీల వంటి బుడిపెలుంటాయి. ఆవుకైతే 70 నుంచి 120 దాకా. మాయ వాటినే కరచుకొని పెరుగుతుంది. ఈనిన తర్వాత ఆ పట్టు దానంతటదే సడలి, మామూలుగా 12 గంటలలోపు మాయ పడిపోతుంది. పడకపోతే మనవాళ్ళు ఊరుకోరు. చెయ్యి పెట్టి లాగుతారు, లేదా వేలాడేదానికి రాయి కడతారు. పట్టు సడలకుండా లాగితే బుడిపెలు చిరుగుతాయి, నెత్తురు కారుతుంది, ముక్కలు లోపల మిగిలి కుళ్ళుతాయి. చీము పట్టిన పొర పిండానికి పాలేం ఇస్తుంది?

12 గంటలు దాటితే పశువుల డాక్టరుకు కబురు చేయండి. మేత మానినా, ఒళ్ళు కాలినా ఆలస్యం వద్దు. వేలాడే మాయను కుక్కలు, కాకులు తాకకుండా చూడండి. సుఖంగా ఈనినా గర్భకోశం సర్దుకొని పొర కొత్తగా తయారవడానికి వ్యవధి కావాలి గనుక 60 రోజుల వరకు దాటించవద్దు.

ఎదలో వేసే తీగలను కూడా గమనించండి. కోడిగుడ్డు సొనలా తేటగా ఉంటే మంచిదే. మడ్డిగా, చీము నలకలతో ఉంటే ఆ ఎదను వదిలేసి డాక్టరుకు చూపించండి. పోయేది 21 రోజుల మేతే గదా.

ఒక్క మాట, ఇది మీ ఆరోగ్యం కోసం. పశువు నెలలు నిండకుండా ఈసుకుపోతే ఆ దూడనుగాని, మాయనుగాని వట్టి చేతులతో ముట్టుకోకండి. బ్రూసెల్లా అనే రోగమైతే మనుషులకూ సోకుతుంది. తొడుగులు వేసుకొని, లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి.