అందరికిని ఉన్నతగణితమా?

అమెరికా దేశపు ఉన్నత పాఠశాలలలో ఒకే వయస్సు పిల్లలను ఒకే పాఠ్యవిషయమునందు అంతస్తులుగా విడదీసి, కొందరికి సామాన్యపాఠమును, కొందరికి ఆనర్స్ పాఠమును, మరికొందరికి కళాశాల స్థాయి గల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పాఠమును చెప్పు పద్ధతి చిరకాలముగా నున్నది. వారాంతపు పరీక్షల మార్కులనుబట్టి సెక్షన్లు మార్చు మన జూనియర్ కళాశాలలను చూచినవారికి ఇది వింత కాదు. అయితే అచ్చట ఈ విభజనయందు విద్యార్థి శక్తితోపాటు తల్లిదండ్రుల సంపదయు, జాతియు, ఉపాధ్యాయుని సిఫారసును పనిచేయుచున్నవను ఆక్షేపణ బలముగా నున్నది; క్రింది అంతస్తున పేదల పిల్లలును, నల్లజాతివారి పిల్లలును అధికముగా కనబడుటచే అది నిరాధారమని త్రోసివేయుటకు వీలు లేదు. అట్లయిన, అందరిని పై తరగతిలోనే కూర్చుండబెట్టరాదా?

షికాగో నగరము 1997లో ఆ పనియే చేసెను. వెనుకబడినవారికై వేరుగా నడుచుచున్న గణితపు తరగతులను ఎత్తివేసి, తొమ్మిదవ తరగతి చేరు ప్రతి విద్యార్థియు బీజగణితము చదివితీరవలెనని నియమించెను. సంకల్పము ఉదాత్తమైనదే. బీజగణితము చదివినవారి సంఖ్యయు పెరిగెను. కాని దానితోపాటు తప్పినవారి సంఖ్యయు పెరిగెను. పరీక్షల మార్కులు మెరుగుపడలేదు. కళాశాలలలో చేరువారును అధికము కాలేదు.

ఇట్లేల జరిగినదో తరగతిగదిలోనికి తొంగిచూచిన తెలియును. ఒక సంఖ్యలో మూడింట రెండు వంతులు ఎనిమిదైనచో ఆ సంఖ్య యెంత యని ఉపాధ్యాయుడు నల్లబల్లపై సమీకరణము వ్రాయును. భిన్నముతో భాగించుట యెరిగిన బాలిక పండ్రెండని తక్షణమే చెప్పును. ఆ భిన్నమే అయిదవ తరగతినుండి అర్థము కాని బాలునికి ఆ సమీకరణములో తెలియనిది ఒక్క అక్షరము కాదు, సమస్తమును తెలియనిదే. వాని పేరు పై తరగతి హాజరుపట్టీలో చేర్చినంతమాత్రమున ఆ భిన్నము వానికి రాదు. ఉపాధ్యాయుడు వానికొరకు ఆగిన బాలికకు విసుగు. ఆగకున్న వానికి అవమానము.

ఇందుకు ప్రత్యుదాహరణముగా తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ పాఠశాలను చూపుట కలదు. బొలీవియానుండి వచ్చిన హైమే ఎస్కలాంటే అను ఉపాధ్యాయుడచ్చట బీదలగు మెక్సికన్ సంతతి పిల్లలకు కలనగణితము బోధింపగా, 1982లో పరీక్షకు కూర్చున్న 18 మందియు ఉత్తీర్ణులైరి. పరీక్షాసంస్థవారు అందు 14 మందిని శంకించిరి. వారిలో 12 మంది మరల వ్రాసి, పన్నెండుగురును నెగ్గిరి. ఈ కథను 1988 నాటి చలనచిత్రము లోకమునకు చాటినది గాని, తెరపై త్వరితముగా ముగిసిన ఆ సాధన వెనుక దీర్ఘమైన శ్రమ కలదు. ఆయన 1974లోనే ఆ పాఠశాలలో చేరి, క్రింది తరగతుల గణితమును చక్కదిద్ది, వేసవి సెలవులలో సమీప కళాశాలయందు తరగతులు నడిపించి, పిల్లలను సిద్ధపరచెను. పేదపిల్లల శక్తిని శంకించువారికి ఆ పన్నెండుగురే సమాధానమని నేను దృఢముగా నమ్ముచున్నాను; కాని ఏ సన్నాహమును లేకయే శక్తి వికసించునని ఆ చరిత్ర చెప్పదు. ఆయన 1991లో వెడలిన పిదప కొలది సంవత్సరములలోనే ఆ పాఠశాలలో కలనగణితము క్షీణించెను.

వాషింగ్టన్ రాష్ట్రము 2019లో చేసిన శాసనము ఇంకొక మార్గము. రాష్ట్రపరీక్షలో నిర్ణీతస్థాయి నందుకొన్న ప్రతి విద్యార్థిని, ఎవరి సిఫారసుతోను నిమిత్తము లేకుండ, పై తరగతిలో చేర్చవలెను. వలదన్నచో తల్లిదండ్రులే చెప్పవలెను. అర్హుడై యుండియు అడుగనెరుగని పిల్లవాని కిది న్యాయము చేయును. ఆ స్థాయి నందుకొననివాని సంగతియో?

వాని విషయమై షికాగోయే 2003లో తన పద్ధతిని సవరించుకొనెను. ఎనిమిదవ తరగతి పరీక్షలో దేశపు మధ్యస్థస్థాయికి దిగువ నిలిచిన విద్యార్థులకు బీజగణితము తప్పింపక, దానికే దినమునకు రెండు పీరియడ్ల కాలమిచ్చెను. అట్టివారిలో పాఠశాలవిద్య ముగించినవారును, కళాశాలలో చేరినవారును హెచ్చిరని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఆ రెండవ పీరియడుకు ఉపాధ్యాయుడు కావలెను, వానికి జీతము కావలెను, విద్యార్థి దినచర్యలో మరియొక పాఠమును వదలుకొనవలెను. అందరికిని ఉన్నతగణితమని తీర్మానించు పాఠశాలాధికారులు ఆ తీర్మానముతోపాటే ఈ ఖర్చును తమ బడ్జెట్టులో వ్రాసి చూపవలెను.