ఇనుప ధూళి

పల్నాటి సీమలో పిడుగురాళ్ళ మీదుగా పోవువారికి సున్నపుబట్టీలు కనబడును. అచట సున్నపురాతిని కాల్చి సున్నము చేయుదురు. గోడకు పూయు సున్నమునకును, రైలుపట్టాలకు వాడు ఉక్కునకును ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారము తన సున్నపురాతి గనిని పల్నాటికి ఎదుట, కృష్ణ ఆవలి గట్టున జగ్గయ్యపేట వద్ద నెలకొల్పుకొన్నది. ఉక్కు పరిశ్రమకు సున్నపురాయి ఏల?

ఆ కర్మాగారమునకు ఇనుప ఖనిజము బైలదిల్లా కొండల నుండి రైలుబండ్లలో వచ్చును. గనిలో రాతిని పగులగొట్టి జల్లించునప్పుడు గడ్డలతోపాటు పొడియు, మిక్కిలి మెత్తని ధూళియు ఏర్పడును. ధూళిరేణువులు పెక్కు మిల్లీమీటరులో పదవవంతు కంటెను చిన్నవి. పొడిని ఉన్నదున్నట్లు కొలిమిలో పోసినచో, క్రిందినుండి పైకి పోవలసిన వేడిగాలికి త్రోవ మూసికొనిపోవును.

అందుచేత పొడిని ముందుగా గడ్డకట్టింతురు. దానిలో కోకు నలుసులు, సున్నపురాతి పొడి కలిపి, తడిపి, కదలుచుండు ఇనుప జల్లెడపై మందముగా పరతురు. పైన నిప్పంటించి, అడుగునుండి గాలిని పీల్తురు. మంట పొరపొరగా క్రిందికి దిగును. సున్నపురాయి ఖనిజము త్వరగా కరగుటకు తోడ్పడును. ఇంచుమించు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో రేణువుల అంచులు కరగి ఒకదానినొకటి అంటుకొనును. ఇట్లేర్పడిన రంధ్రములుగల గడ్డకే సింటరు అని పేరు.

అయితే అతిసూక్ష్మమైన ధూళి ఎక్కువైనచో, ఇచటను సందులు పూడి గాలి ఆడదు. మంట సరిగా దిగదు. దీనికి ఉపాయము మన వంటయింటిలోనే కలదు. తడిపిండిని పాత్రనిండ అదిమినచో ఆవిరి పైకి రాదు. ఉండ్రాళ్ళు చేసి పేర్చినచో సందుసందున ఆవిరి దూరి, అన్నియు సమముగా ఉడుకును. ధూళికిని అంతే. దానికి కాల్చిన సున్నమును, నీటిని చేర్చి, తిరుగుచుండు పెద్దపీపాలో దొర్లింతురు. సున్నము బంకవలె పట్టగా, ధూళి పెద్దరేణువులను అంటుకొని చిన్నచిన్న ఉండలగును. ఉండల నడుమ గాలి హాయిగా ఆడును.

ధూళిని విడిచిపెట్టినచో పోవునది ఇనుము మాత్రమే కాదు. గనుల ఎర్రని బురద చేరి శంఖినీ నది నీరు చెడినదని బైలదిల్లా ప్రాంతపు పల్లెవారు ఎంతోకాలము మొరపెట్టుకొనిరి. గనిలో మిగిలిన ధూళి ఏటిలో కలసినచో పల్లెకు చేటు. పిడికెడు సున్నముతో ఉండకట్టినచో అదియే వంతెనకు దూలమగును.