కొత్త కూర్పునకు ముందు చదువవలసిన చిట్టా

ఇంటిలో కంప్యూటరు గలవారికి చిరపరిచితమైన ప్రశ్న యొకటి కలదు: ‘కొత్త కూర్పులు వచ్చినవి, చేర్చుకొందురా?’ అవునని మీట నొక్కి కాఫీకి లేచిపోవుట మన యలవాటు. మేమును చాలకాలము అట్లే చేసితిమి. ఒక సాయంకాలము, కూర్పు మారిన పిమ్మట, ప్రసంగములను ధ్వనిముద్రణము చేయు మా యంత్రము మౌనము వహించినది. ఆ సాఫ్ట్‌వేరు వెనుకటి అమరికల ఫైలును ఇక చదువదనియు, దానినెట్లు మార్చుకొనవలెనో వెంట వచ్చిన చిట్టాలో స్పష్టముగ వ్రాసియున్నదనియు మరునాడు గాని తెలియలేదు. చదువనివారము మేమే.

ఆ చిట్టాకు చేంజ్‌లాగ్ అని పేరు. వర్తకుని దినచిట్టా యెట్టిదో ఇదియు నట్టిదే: ఏనాడు, ఎవరు, ఏమి మార్చిరో అందుండును. 1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ వ్యవస్థను ఉదాహరణముగ గైకొందము. అందు ప్రతి ప్యాకేజీకిని ఇట్టి చిట్టా యుండవలెనని నియమము. మొదటి పంక్తిలో ప్యాకేజీ పేరు, కూర్పు సంఖ్య, ‘అర్జెన్సీ’ యను నొక మాట. క్రింద నక్షత్రపు గుర్తులతో మార్పులు. చివర బాధ్యుని పేరు, తేదీ, వేళ. ‘క్లోజెస్’ అని సంఖ్య కనిపించినచో ఎవరిదో ఫిర్యాదు తీరినదని యర్థము. ‘సి.వి.ఇ.’ అని యున్నచో అది భద్రతకు సంబంధించిన లోపము. అట్టి పంక్తిని దాటిపోరాదు. అర్జెన్సీ హెచ్చుగ నున్నదని మాత్రము బెదరనక్కరలేదు. ప్యాకేజీ పరీక్షాశాఖకు ఎన్ని దినములలో చేరవలెనో నిర్ణయించుటకే ఆ మాట ముఖ్యముగ నుపయోగించును.

స్థాపించిన ప్యాకేజీల చిట్టాలు మన యంత్రముననే యుండును. రాబోవు కూర్పు సంగతి కావలసినచో ‘ఆప్ట్ చేంజ్‌లాగ్’ అని వ్రాసి ప్యాకేజీ పేరు చేర్చిన చాలును. ఇంతకన్న మేలైన సాధనము ఆప్ట్-లిస్ట్‌చేంజెస్. ప్యాకేజీలు దిగుమతియైన పిదప, స్థాపనకు ముందు, మన కూర్పునకును కొత్తదానికిని నడుమ జరిగిన మార్పులను మాత్రమే యేర్చి యిది చూపును. కోరినచో, సాగింపవచ్చునా యని యడుగును. వందల ప్యాకేజీల చిట్టాలన్నియు చదువుటకు ఎవరికి తీరిక? అందులకే ‘న్యూస్’ అను వేరొక పత్రము కలదు. ఇంటివారు ఎరుగక తప్పని ముఖ్యమైన మార్పులను మాత్రమే అందు వ్రాయుదురు. ముందు దానిని చదువుడని మా సలహా.

2008 నాటి యుదంతము వినుడు. రహస్యసంకేతములకు ఆధారమైన ఓపెన్-ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ నుండి, పరీక్షాసాధన మొకటి అభ్యంతరము తెలిపినదని, 2006లో డెబియన్‌వారు చిన్న భాగమును తొలగించిరి. ఆ సంగతి చిట్టాకు ఎక్కినది, దాచినవారెవరును లేరు. కాని దానితో యాదృచ్ఛికత్వము దాదాపు నశించి, ఒక్కొక్క రకపు తాళపుచెవులు సుమారు 32 వేలకు మించకపోయినవి. దొంగ యన్నిటిని వరుసగ ప్రయత్నింపగలడు. లూసియానో బెల్లో కనుగొనగా, 2008 మే 13న లోపము ప్రకటితమైనది.

కొత్త కూర్పు చేర్చినంత మాత్రమున పని తీరలేదు. లోపము గల కాలమున చేసిన తాళపుచెవులు బలహీనములుగనే యుండును. వానిని పారవేసి కొత్తవి చేసికొనవలెనని ప్రకటనలో గట్టిగ చెప్పిరి. ఆ వెంటనే వచ్చిన ఓపెన్-ఎస్‌ఎస్‌హెచ్ కూర్పు అట్టి చెవులను గుర్తించి నిరాకరింపసాగినది. ఇది చదివినవారు ముందుగ కొత్త చెవి చేసికొని తరువాత కూర్పు మార్చిరి. యంత్రము ముందు కూర్చున్నవానికి చదువకున్నను పెద్ద చిక్కు లేదు. వేరొక ఊరి యంత్రమును ఆ చెవితోనే తెరచుచు, చదువక మీట నొక్కినవాడు మాత్రము గుమ్మము బయట నిలువవలసినదే.