గోకరకాయ జిగురు, అంగారకుడి ఇటుక

మహబూబ్‌నగర్ పల్లెల్లో పాత మట్టిగోడ విరిగినచోట చూస్తే లోపల గడ్డిపోచలు కనిపిస్తాయి. బరువు మోసేది మట్టి, పగుళ్లు బారకుండా పట్టి ఉంచేది గడ్డి. చంద్రుడి మీద, అంగారకుడి మీద ఇల్లు కట్టాలనుకునేవాళ్లు కూడా ఇప్పుడు ఇదే దారిలో ఆలోచిస్తున్నారు. మొక్కలతో ఇల్లంటే వెదురు తడికలో, కర్ర దూలాలో గుర్తొస్తాయి. అవి అక్కడ దొరకవు, ఇక్కడినుంచి మోసుకుపోలేం. ఒక పౌండు, అంటే అరకిలోకు కాస్త తక్కువ సరుకు అంతరిక్షానికి చేర్చడానికి సుమారు 7.5 లక్షల రూపాయలవుతుందని 2020లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ లెక్క చెప్పింది. కాబట్టి మట్టి అక్కడిదే కావాలి. మొక్క నుంచి మనకు కావలసింది పట్టు ఒక్కటే.

ఆ ఏడాదే ఆ సంస్థ, ఇస్రో కలిసి చంద్రుడి మట్టిని పోలిన మట్టితో ఇటుక చేసి చూపించాయి. అందులో కలిపిన జిగురు మన మెట్టచేలలో కాసే గోకరకాయ గింజలది. తోడుగా యూరియా, స్పోరోసార్సినా పాశ్చరీ అనే బ్యాక్టీరియా. ఈ సూక్ష్మజీవి యూరియాను విరగ్గొడుతుంది. దాంతో సున్నపురాయి స్ఫటికాలు ఏర్పడి మట్టిరేణువులను అతికిస్తాయి. ఆ యూరియా మనుషుల మూత్రం నుంచే తీయవచ్చట! యూరియా బస్తా కోసం క్యూలో చెప్పులు పెట్టిన రైతుకు ఈ మాట నవ్వు తెప్పించవచ్చు. అంగారకుడి మట్టిని పోలిన మట్టితోనూ ఇలాగే చేసి చూస్తే, అందులోని ఇనుము బ్యాక్టీరియాకు విషమైంది. నికెల్ క్లోరైడ్ కలిపితే ఆ చిక్కు విడిందని 2022లో తేలింది. మరుసటి ఏడాది మాంచెస్టర్ విశ్వవిద్యాలయంవాళ్లు అలాంటి మట్టికి బంగాళాదుంప పిండిపదార్థం, కాస్త ఉప్పు కలిపి చేసిన కాంక్రీటు 72 మెగాపాస్కల్స్ ఒత్తిడికి తట్టుకుంది. మామూలు కాంక్రీటుది 32. పాతిక కిలోల ఎండు దుంపల నుంచి వచ్చే పిండి 213 ఇటుకలకు సరిపోతుందట.

జిగురు రేడియేషన్‌ను ఆపుతుందా అని అడిగేవాళ్లున్నారు. ఆపదు. ఆపేది గోడ మందం, అంత మందానికి మట్టి అక్కడే ఉంది. అంగారకుడి గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా లేదు కనుక లోపలి గాలిని నిలిపే పొర వేరే ఉండాలి, ఇటుక దానికి కవచం మాత్రమే. తిండి సంగతి అంత తేలిక కాదు. ఆకలేసినచోట దుంపను గోడకు పూయడం నాకు నచ్చదు. తిన్నాక మిగిలే చొప్పను వాడటమే మేలు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 2021లో పంట వ్యర్థాలు, సున్నం కలిపిన ఇటుకలతో కాపలా గది కట్టారు. అది భూమి కోసం చేసిన పనే, అయినా చొప్ప గోడవుతుందనడానికి సాక్ష్యం. బ్యాక్టీరియా మాటకొస్తే, ఇతర గ్రహాలను కలుషితం చేయకూడదని 1967 అంతరిక్ష ఒప్పందం చెబుతోంది. ఈ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. ఈ ఇటుకల్లో ఒక్కటి కూడా ఇంతవరకు చంద్రుడి మీద పెట్టి చూసింది లేదు.