బొమ్మలు గీసే చేతికి తిమ్మిర్లా?

ఆ మధ్య ఆర్మూరు నుంచి తల్లీకూతుళ్ళు ఇద్దరు వచ్చారు. అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. డిగ్రీ పూర్తయింది. టాబ్లెట్ మీద స్టైలస్‌తో, అంటే ఎలక్ట్రానిక్ కలంతో, బొమ్మలు గీస్తుంది. శుభలేఖల మీద వధూవరుల బొమ్మలు, పసుపు పాకెట్ల మీదికి లేబుళ్ళు, పిల్లల కథలకు బొమ్మలు. ఇంట్లో కూర్చునే నాలుగు డబ్బులు సంపాదిస్తోంది. అయితే రెండు నెలలుగా అర్ధరాత్రి మెలకువ వస్తోంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారిపోయి, చీమలు పాకినట్టుగా ఉంటుంది. లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది.

"ఇది పక్షవాతం కాదు కదా డాక్టరుగారూ?" అని ఆ అమ్మాయి భయం. తల్లి మాత్రం నింపాదిగా, "గదేం రోగం సారూ! నాకు ఇరవై ఏండ్ల సంది గట్లనే ఉంటది. బీడీలు చేసేటోళ్ళకు అందరికీ ఉండేదే" అంది.

ఆమెను కూడా చెయ్యి చాపమన్నాను. ఆ సంగతి తరవాత చెబుతాను.

టాబ్లెట్ అనగానే ఈ పేజీ చదివేవారు మందుబిళ్ళ అనుకుంటారేమో! ఇది బొమ్మలు గీసే పలక. ఇందులో రెండు రకాలు. ఒకటి తెర లేని ఉత్త పలక. దీన్ని బల్ల మీద పెట్టి కలం కదిపితే ఎదురుగా ఉన్న కంప్యూటర్లో గీత పడుతుంది. జపానులో 1983లో మొదలైన వాకామ్ కంపెనీ పలకలు ఈ పనిలో పేరు పొందాయి. రెండో రకంలో తెరే పలక. ఐప్యాడ్‌కి 2015లో వచ్చిన ఆపిల్ పెన్సిల్ ఈ కోవలోది. మీ ఇంట్లో పిల్లలు ఏది వాడుతున్నారో ఒకసారి చూడండి. మెడనొప్పి విషయంలో ఈ తేడా ముఖ్యం.

చేతిపనితో వచ్చే ఈ బాధలు కొత్తవి కావు. ఇటలీ వైద్యుడు రమజ్జీనీ 1700లో పనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. 1713లో దాన్ని పెంచి, గుమాస్తాల గురించి కూడా చేర్చాడు. వాళ్ళ బాధకు ఆయన చెప్పిన కారణాలు మూడు: అదేపనిగా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరుగా కదలడం, తప్పు పోకూడదని మనసు బిగబట్టుకోవడం. మూడూ ఈ అమ్మాయికి సరిపోయాయి. వాళ్ళమ్మకూ సరిపోయాయి.

నిజామాబాద్ జిల్లాలో బీడీల మీద బతికే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. మెడ వంచి ఆకు కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా అదే పని. ఆ పని తనకొద్దని కూతురు చదువుకుంది. "ఎలా కూర్చుని గీస్తావమ్మా, ఒకసారి చూపించు" అని అడిగాను. బాసింపట్టు వేసుకుని, పలకను ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచి చూపించింది. చాట పోయి పలక వచ్చింది, అంతే!

ఇప్పుడు తిమ్మిర్ల సంగతి. మీ మణికట్టు లోపలివైపు, అరచెయ్యి మొదలయ్యే చోట, ఒక ఇరుకైన సొరంగం ఉంది. దాని అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ. వేళ్ళను ముడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండరాల తాళ్ళు, అందులోంచే వెళ్ళాలి. వాటి మధ్య మీడియన్ నరం కూడా ఒదిగి వెళ్ళాలి. చెయ్యి గట్టిగా బిగించి ఒకే పని గంటల తరబడి చేస్తే అక్కడ వాపు వచ్చి నరం నలుగుతుంది. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెన వేలికి వెళ్ళే నరం వేరు, అందుకే ఆ వేలికి తిమ్మిరి రాదు. నిద్రలో మణికట్టు ముడుచుకుపోతుంది కనుక రాత్రిళ్ళు బాధ ఎక్కువ.

అయితే నేరమంతా పలక మీదికి నెట్టకండి. చక్కెర వ్యాధి, థైరాయిడ్ గ్రంథి మందగించడం, గర్భం, ఇవి ఉన్నవాళ్ళకు బొమ్మలు గీయకపోయినా ఈ జబ్బు రావచ్చు. అందుకని రక్తపరీక్షలు తప్పవు.

మీ అంతట మీరే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. రెండు చేతుల వెనక భాగాలనూ ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు కిందికి వేలాడేటట్టు మణికట్టు వంచి ఒక్క నిమిషం ఉంచండి. ఆ మూడు వేళ్ళలో తిమ్మిరి మొదలైతే అనుమానించాల్సిందే. నొప్పి వేళ్ళలో కాక బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కగా ఉంటే అది వేరే జబ్బు. స్విట్జర్లాండు సర్జన్ డి కెర్వాన్ 1895లో దాన్ని వివరించాడు. బొటనవేలిని లాగే తాళ్ళ తొడుగు బిగుసుకుపోవడం వల్ల వస్తుంది. చంటిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకూ ఇది వస్తుంటుంది.

మరి కాగితం మీద గీసేవాళ్ళకంటే పలక మీద గీసేవాళ్ళు ఎందుకు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి? ఆర్మూరు నుంచి పెద్ద రోడ్డు మీద ఉత్తరంగా గోదావరి దాటితే నిర్మల్ వస్తుంది. అక్కడ బొమ్మలు చేసేవారు పొనికి చెక్కను చెక్కాలి, నునుపు చెయ్యాలి, రంగు కలుపుకోవాలి, ఒక పూత ఆరిందాకా ఆగాలి. కుంచె ముంచిన ప్రతిసారీ చెయ్యి పైకి లేస్తుంది. పెన్సిల్ అరిగితే చెక్కుకోవాలి. ఇవన్నీ పనికి అడ్డం అనుకుంటాం గాని చేతికి అవే విశ్రాంతి. పలక మీద రంగు ఆరే పని లేదు. కుంచె కడిగే పని లేదు. గీత వంకర పోతే ఒక్క నొక్కుతో చెరిపి మళ్ళీ గీస్తారు. బొమ్మను పెద్దది చేసుకుని కనురెప్పల వెంట్రుకల్ని ఒక్కొక్కటే పదిసార్లు దిద్దుతారు. మూడు గంటలు గడిచినా చెయ్యి పలక వదలదు.

పోయిన ఆ విశ్రాంతిని మీరే వెనక్కి తెచ్చుకోవాలి. అరగంటకొకసారి కలం కింద పెట్టండి. జేబులో పెట్టుకోవద్దు, చేతిలో తిప్పుతూ కూర్చోవద్దు, కింద పెట్టండి. పిడికిలి ముడిచి తెరవండి, భుజాలు తిప్పండి, లేచి నాలుగడుగులు వేయండి. ఫోన్లో గంట పెట్టుకుంటే మరిచిపోరు.

అద్దం మీద కలం జారుతుంది. జారుతుందన్న భయంతో వేళ్ళు మీకు తెలియకుండానే కలాన్ని పిసుకుతాయి. తెర మీద కాగితంలా గరుకుగా ఉండే పొర అంటించుకుంటే ఈ బిగువు తగ్గుతుంది. కలం ములుకు కాస్త త్వరగా అరుగుతుంది, అరిగితే మార్చుకోవచ్చు. సన్నటి కలానికి మెత్తని రబ్బరు తొడుగు వేసి లావు చేసుకోండి. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ఎంత నొక్కితే గీత ఎంత లావు పడాలో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో మార్చుకోవచ్చు. మెల్లగా తాకితేనే లావుపాటి గీత పడేటట్టు దాన్ని మార్చండి. ఈ అమ్మాయి ఏడాదిగా గీస్తోంది, ఒక్కసారి కూడా దాని జోలికి పోలేదు!

చవక పలకల్లో కొన్నిటికి అరచెయ్యి ఆనితే చాలు, గీతలు పడిపోతాయి. ఆ భయంతో చేతిని గాల్లో ఎత్తిపెట్టి గీస్తారు. సాయంత్రానికి భుజం పీకేస్తుంది. ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్ళలో సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టులు చేతి కింద గుడ్డ చుట్టిన కర్ర ఆనించుకునేవారు, గుర్తుందా? చేతికి ఆనిక కావాలని వాళ్ళకు ఏ డాక్టరూ చెప్పలేదు. అరచెయ్యి తాకినా పట్టించుకోని పలకనే కొనండి. పొడుగాటి గీతలకు మణికట్టును కాక మోచేతిని, భుజాన్ని కదపండి.

మెడ సంగతి. మన తల సుమారు 5 కిలోలుంటుంది. మెడను 60 డిగ్రీలు వంచితే మెడ ఎముకల మీద దాదాపు 27 కిలోల భారం పడుతుందని 2014లో న్యూయార్క్ సర్జన్ హన్స్‌రాజ్ లెక్క కట్టాడు. అది కంప్యూటర్‌తో వేసిన లెక్కే గాని మనిషి మెడలో కొలిచింది కాదు. అయినా పాతిక కిలోల బియ్యం సంచి తల్చుకుంటే మెడ దానంతటదే నిటారుగా నిలుస్తుంది! పలకను ఒళ్ళోంచి తీసి బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టండి. ప్రత్యేకమైన స్టాండు లేకపోతే నాలుగు లావు పుస్తకాలు, ఒక చెక్క చాలు. తెర లేని పలక అయితే చూపు ఎదురుగా ఉంటుంది కనుక మెడకు అదే మేలు.

తెర వైపు చూస్తుంటే రెప్పలు కొట్టడం తగ్గి కళ్ళు పొడిబారతాయి. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై సెకన్లపాటు, ఇరవై అడుగులకు మించిన దూరం చూడండి. ఆర్మూరు వాళ్ళకు సిద్ధుల గుట్ట ఉండనే ఉంది, డాబా ఎక్కితే చాలు.

"పసుపు ముద్ద కట్టొచ్చా సారూ?" అని తల్లి అడిగింది. పసుపు పండే ఊరి మనిషి అడగకుండా ఉంటుందా! కట్టుకుంటే చర్మానికి సాధారణంగా హాని లేదు. కానీ సొరంగంలో నలిగే నరాన్ని పైపూత విడిపించలేదు. గుడ్డ బిగించి కడితే ఇంకా నలుగుతుంది. నొప్పి మాత్రలు సొంతంగా నెలల తరబడి మింగడం అంతకన్నా చెడ్డది, కడుపుకూ మూత్రపిండాలకూ చేటు.

మొదట్లోనే వస్తే వైద్యం తేలిక. రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉండేలా పట్టీ కట్టుకోవడం, పని తీరు మార్చడం. చాలామందికి దీంతోనే సరిపోతుంది. చాలకపోతే సొరంగంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షను. అదీ చాలకపోతే పైపట్టీని కోసి నరానికి చోటిచ్చే చిన్న ఆపరేషను. తిమ్మిరి పగలు కూడా వదలకపోయినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయకండి. ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం జరిగితే మాత్రం అది ఈ జబ్బు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అమ్మాయికి రక్తపరీక్షల్లో ఏమీ లేదు. రాత్రి పట్టీతో, బల్లతో, అరగంట గంటతో ఆరు వారాల్లో నిద్ర కుదిరింది. బొమ్మలు మానలేదు.

ఇక తల్లి చెయ్యి. కుడిచేతి బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ పల్లమైపోయింది. "రవికె గుండీ పెట్టరాదు సారూ, సూదిల దారం బిడ్డె ఎక్కిస్తది" అంది, అదేమీ విశేషం కాదన్నట్టు. పరీక్ష చేయిస్తే చక్కెర వ్యాధి కూడా బయటపడింది. అది ఉన్నట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదు. చక్కెర అదుపులోకి వచ్చాక ఆపరేషను అయింది. రాత్రి మంట పోయింది, నిద్ర పడుతోంది. కరిగిన కండ మాత్రం ఏడాదైనా పూర్తిగా తిరిగి రాలేదు. గుండీలు ఇప్పటికీ ఎడమచేత్తోనే పెట్టుకుంటోంది.